ఓడిపోవడం నేర్పని నాయకులం

తెలుగు రోల్‌ప్లే సర్వర్ ఒకటి మూతపడిందంటే తప్పు అడ్మిన్లదని అనుకున్నాం. ఇంకొకటి మూతపడితే హ్యాకర్లదన్నాం. మూడోదానికి, కొత్తగా వచ్చిన పిల్లకాయలకు పద్ధతి తెలియదన్నాం. ఆ సర్వర్లను ఖాళీ చేయించింది అక్కడ గ్యాంగులు నడిపిన మేమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నాయకుడిగా నేను, నా పక్కన నిలబడి ప్రతిదానికీ సరేనన్న నా మనుషులు, ఎదుటి గ్యాంగుల్లో అచ్చం నాలాగే ప్రవర్తించిన నాయకులు. ఇక్కడ ‘మేము’ అన్న ప్రతిచోటా అందరినీ కలిపే అంటున్నాను. అందులో ముందు నిలబడాల్సినవాణ్ని నేను.

ఆట తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. 2013లో రాక్‌స్టార్ సంస్థ విడుదల చేసిన జీటీఏ ఫైవ్‌లో లాస్ శాంటోస్ అనే కల్పిత నగరం ఉంది. ఫైవ్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా ఆ నగరాన్ని సొంత సర్వర్‌లో పెట్టుకుని తమ నియమాలతో నడుపుకోవచ్చు. రోల్‌ప్లే అంటే ఆ నగరంలో ఒక మనిషిగా బతకడం. ఒకరు కానిస్టేబుల్, ఒకరు డాక్టరు, ఒకరు మెకానిక్, ఇంకొకరు బిర్యానీ కొట్టు నడుపుతారు. మాటలన్నీ మైకులోనే, మన భాషలోనే. కథ ముందుగా ఎవరూ రాసిపెట్టరు. ఎవరి పాత్రలో వాళ్లుండి మాట్లాడుకుంటూ పోతే ఆ రాత్రికి కథ తయారవుతుంది. గ్యాంగులను నడిపేది కూడా ఆటగాళ్లే. గ్యాంగు కదిలితేనే పోలీసుకు పని ఉంటుంది, డాక్టరు దగ్గరికి గాయపడినవాడు వస్తాడు, లాయరుకు కేసు వస్తుంది, మెకానిక్ షెడ్డుకు తూటాలు దిగిన కారు వస్తుంది. ఊరికి కథ అందించడం మా బాధ్యత. ఆ నమ్మకంతోనే మాకొక పేట ఇచ్చారు, తుపాకులు ఇచ్చారు.

మాది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో వెలిగిన రైల్వే ఊరు. లైనుకు కరెంటు వచ్చి ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డు పోయింది, దాంతోపాటు ఊళ్లో సందడీ పోయింది. మా తరానికి మిగిలింది స్టేషను, బజారు, ఏడాదికోసారి కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఇళ్లలోకి కంప్యూటర్లు, ఫైబర్ లైన్లు వచ్చాయి. బోగోలు, కావలి, అల్లూరు కుర్రాళ్లం కొందరం అలా ఒక సర్వర్‌లో చేరాం. రాత్రిపూట మా మైకుల్లో గూడ్సు బండి కూత వినపడితే హైదరాబాదు నుంచి, డల్లాస్ నుంచి ఆడేవాళ్లు ‘బిట్రగుంటోళ్లు దిగినారు’ అని సంబరపడేవాళ్లు. మా పేరు మొదట్లో అలా ప్రేమతోనే పలికేవాళ్లు.

ఆ మొదటి రోజుల్లో జరిగిన ఒక కోర్టు విచారణ గురించి చెప్పకపోతే మేము ఏం పోగొట్టామో ఎవరికీ అర్థం కాదు. మావాడొకడు నగల దుకాణం దోపిడీలో పట్టుబడ్డాడు. వాడి తరఫున వాదించడానికి వచ్చినామె నిజంగానే లా చదువుతున్న అమ్మాయి. జడ్జి పాత్రలో ఉన్నాయన పగలంతా విజయవాడలో మందుల షాపులో పనిచేసే మనిషి. పోలీసు పాత్రధారి ఎఫ్‌ఐఆర్‌ను తెలుగులో పద్ధతిగా రాసుకొచ్చాడు. అరెస్టు చేసినప్పుడు సాక్షి సంతకం తీసుకోలేదని ఆమె పట్టుకుంది. అతను తడబడ్డాడు. గ్యాలరీలో మా గ్యాంగు, మా శత్రువుల గ్యాంగు, బిర్యానీ కొట్టు యజమాని, టాక్సీ నడిపే ముసలాయన పాత్ర, అందరం నోరెత్తకుండా కూర్చున్నాం. తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. మావాడు బోనులోంచి తల్లికి ఫోన్ చేసుకోవడానికి అనుమతి అడిగాడు. తల్లి పాత్ర ఎవరూ వేయలేదు. వాడే ఆ ఫోన్లో అటు ఎవరో ఉన్నట్టు మాట్లాడాడు. ఒక్క తూటా పేలలేదు. మా సర్వర్ చరిత్రలో అంత గొప్ప రాత్రి మళ్లీ రాలేదు. రాకుండా చేసింది మేమే.

ఎలా చేశామో చెబుతాను. ఈ సర్వర్లలో చాలావాటికి పునాది క్యూబీకోర్ అనే ఉచిత కోడ్. అందులో గ్యాంగులన్నీ ఒక చిన్న ఫైలులో ఉంటాయి. బల్లాస్, వాగోస్, ఫ్యామిలీస్ వంటి పేర్లు, ఒక్కోదానికి నాలుగు అంతస్తులు: రిక్రూట్, ఎన్‌ఫోర్సర్, షాట్ కాలర్, బాస్. బాస్ అంతస్తు కింద ‘ఇతను బాస్: అవును’ అనే అర్థంతో ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఉన్నవాడు మనుషుల్ని చేర్చుకోవచ్చు, తీసేయవచ్చు, గ్యాంగు డబ్బు వాడుకోవచ్చు. అతను ఊరికి ఏం బాకీ ఉన్నాడో చెప్పే వరుస ఆ ఫైలులో ఎక్కడా లేదు. దాన్ని రాయాల్సింది కోడ్‌లో కాదు, మా బుద్ధిలో. మేము రాసుకోలేదు. బాస్ హోదా వచ్చిన రోజు నేను మొదట చూసింది ఆయుధాల పెట్టెలో ఎన్ని తుపాకులున్నాయనే.

రోల్‌ప్లేకు కొన్ని మూలసూత్రాలున్నాయి. తలకు తుపాకి గురిపెడితే నీ పాత్ర భయపడాలి, అది ఫియర్ ఆర్‌పీ. చనిపోయి ఆసుపత్రిలో లేచావంటే నిన్ను చంపిన సంగతి నీ పాత్రకు గుర్తుండకూడదు, అది న్యూ లైఫ్ రూల్. బయట ఎవరి లైవ్ స్ట్రీమ్‌లోనో చూసినదాన్ని, డిస్కార్డ్ అనే చాట్‌లో విన్నదాన్ని పాత్రకు అంటగట్టకూడదు, అలా చేస్తే మెటా గేమింగ్. కారణం లేకుండా చంపితే ఆర్‌డీఎం. నిజానికి ఈ నాలుగూ చెప్పేది ఒక్కటే: నీ పాత్ర ఓడిపోవడానికి నువ్వు సిద్ధంగా ఉండాలి. మా గ్యాంగులో కొత్తగా చేరినవాడికి వీటిని వివరించేది నేనే. వివరించిన గంటకే, ఎదుటివాళ్ల స్ట్రీమ్ పక్క ఫోన్లో పెట్టుకుని వాళ్లెక్కడున్నారో చెప్పే పని వాడికే అప్పగించేవాణ్ని. నియమాలు పరీక్ష రాసి వైట్‌లిస్ట్, అంటే సర్వర్‌లోకి అనుమతి, సంపాదించడానికే పనికొస్తాయని మా మనుషులు నా దగ్గర నేర్చుకున్నారు.

మా ఊహలకు ఇంధనం ఎక్కడిదో కూడా దాచను. ‘సమరసింహారెడ్డి’ 1999లో, ‘నరసింహనాయుడు’ 2001లో, ‘ఇంద్ర’ 2002లో వచ్చాయి. మేం పుట్టేనాటికో, మాటలు నేర్చేనాటికో ఉన్న ఆ ఫ్యాక్షన్ సినిమాలను టీవీలో చూస్తూ పెరిగాం. సర్వర్‌లోకి వచ్చిన ప్రతి గ్యాంగ్ లీడరూ తెల్లచొక్కా వేసుకుని, సుమోల వరుస పెట్టుకుని, తొడగొట్టే మనిషి కావాలనుకున్నాడు. ఆ సినిమాల మీద నాకు కోపం లేదు. అక్కడ హీరో ఒక్కడే ఉంటాడు, మిగతావాళ్లంతా పడిపోవడానికి డబ్బులు తీసుకున్నవాళ్లు. మా ఊళ్లో వందమంది హీరోలం, పడిపోవడానికి ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. మా వైపు తిరునాళ్లలో కురుక్షేత్రం నాటకం వేస్తే దుర్యోధనుడి వేషం కట్టిన నటుడికి కృష్ణుడితో సమానంగా చప్పట్లు పడతాయి. తెల్లవారేలోగా తాను పడిపోవాలని తెలిసే ఆయన మీసం దువ్వుతాడు, తెలిసే రాగం తీస్తాడు. వేషం కట్టడంలోని ఈ మొదటి పాఠం మన నేల మీద ఎప్పటినుంచో ఉంది. అది మాకు ఎవరూ చెప్పలేదని అనలేను. మేం చూశాం, పట్టించుకోలేదు.

ఓటమిని తప్పించుకోవడానికి మేం చేసిన పనుల్లో అతి నీచమైనది పాత్రనూ మనిషినీ అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం. బూతులు తిట్టినప్పుడు ‘అది నా పాత్ర అన్నది, నేను కాదు’ అన్నాం. పోలీసులు మా పాత్రను జైల్లో పెడితే మాత్రం ఆ పోలీసు వెనకున్న మనిషికి ఫోన్ చేసి బెదిరించాం. ఆడపిల్లలు మా సర్వర్‌లో చాలా తక్కువ. ఉన్న కొద్దిమంది పాత్రలనే ఎత్తుకుపోయి, కట్టేసి, గంటల తరబడి అసహ్యంగా మాట్లాడి దానికి ‘కిడ్నాప్ సీన్’ అని పేరు పెట్టాం. నా గ్యాంగులో అది జరిగింది. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆపమని ఆ అమ్మాయి పాత్ర గొంతుతో కాక తన సొంత గొంతుతో అడిగింది. సీన్ మధ్యలో పాత్ర విడవడం నియమాలకు విరుద్ధమని మావాడొకడు ఆమెనే తప్పుపట్టాడు. నేను నోరు విప్పలేదు. ఆమె సర్వర్ వదిలేసి వెళ్లిపోయింది. కోర్టులో మావాడి తరఫున వాదించింది ఆమే.

దీని తర్వాత ఇంకేం చెప్పినా చిన్నదే అనిపిస్తుంది, కానీ చెప్పాల్సినవి ఉన్నాయి.

‘మనోళ్లు’ అనే మాటతో మేం మనుషుల్ని చేర్చుకున్నాం. మొదట ఊరు చూశాం. తర్వాత అభిమానించే హీరో ఎవరని చూశాం. చివరికి ఇంటిపేరు అడిగి కులం ఆరా తీశాం. బాగా ఆడే కుర్రాణ్ని, మంచి గొంతు, మంచి ఓర్పు ఉన్నవాణ్ని, ‘వాడు మనోడు కాదులే’ అని బయట పెట్టిన రోజులున్నాయి. సినిమా విడుదల రోజున ఇద్దరు హీరోల అభిమానుల గొడవ సర్వర్‌లో గ్యాంగ్ వార్‌గా మారింది. దానికి ఆటలో ఏ కారణమూ లేదు, మేం తర్వాత అల్లుకున్నాం. నెల్లూరు యాసను శ్రీకాకుళం కుర్రాడు వెక్కిరిస్తే మాకు ఒళ్లు మండింది. తెలంగాణ యాసను మేం వెక్కిరిస్తే అది సరదా అన్నాం. వేషం వేసుకోవడానికి, కాసేపు ఇంకొకరిగా బతకడానికి పుట్టిన ఆటలోకి మేం మా పుట్టుకను మోసుకొచ్చాం. కొత్త మనిషిగా మారే అవకాశం చేతికొస్తే బయట ఊళ్లో ఉన్న గోడలనే అక్కడా కట్టుకున్నాం. తెలుగువాళ్లుగా మా సమష్టి వైఫల్యంలో ఇది అన్నిటికన్నా లోతైనదని నా నమ్మకం.

ఇక పిల్లల సంగతి. జీటీఏ ఫైవ్‌కు యూరప్‌లో 18, అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికేనన్న రేటింగ్ ఉంది. మా దరఖాస్తులో వయసు అడిగేవాళ్లం. అందరూ పద్దెనిమిది అని రాసేవాళ్లు. మైకులో గొంతు వింటే తెలిసిపోయేది, ఇంకా గొంతు మారని పిల్లలని. మేం వాళ్లను పంపలేదు. ఎందుకంటే గ్యాంగుకు డబ్బు కావాలి, డబ్బు రావాలంటే ఎవరో ఒకరు గంటల తరబడి ఆటలో గంజాయి కోయాలి, ప్యాకెట్లు కట్టాలి, వీధుల్లో అమ్మాలి. విసుగొచ్చే పని. పెద్దవాళ్లం చేయం. బడినుంచి వచ్చిన పిల్లలు ‘అన్నా, ఏం చేయమంటావ్’ అని అడిగి చేసేవాళ్లు. ‘రేపు మ్యాథ్స్ పరీక్షన్నా’ అన్న ఇంటర్ కుర్రాడికి ‘ఇంకో రౌండ్ కొట్టేసి పో అబ్బయ్యా’ అని చెప్పింది నేనే. అన్నా అని పిలిపించుకున్నవాడికి ఆ పిలుపుతో వచ్చే బాధ్యత కూడా ఉంటుంది. ఆ పిల్లల తల్లిదండ్రులు బిడ్డ గదిలో కూర్చుని చదువుకుంటున్నాడని అనుకున్నారు. వాళ్ల నమ్మకాన్ని మేం వాడుకున్నాం.

డబ్బు గురించి త్వరగా ముగిస్తాను. 2022 నవంబరులో రాక్‌స్టార్ రోల్‌ప్లే సర్వర్లకు షరతులు ప్రకటించింది. ఆటలోని డబ్బును నిజమైన డబ్బుకు అమ్మకూడదని, లోపల ఏముందో తెలియకుండా డబ్బుకు కొనే లూట్ బాక్సులు పెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2023 ఆగస్టులో ఫైవ్‌ఎమ్ తయారుచేసిన బృందాన్నే ఆ సంస్థ తనలో కలుపుకుంది. మేం ఈ షరతులు చదివాం. చదివి కూడా ‘డొనేషన్’ పేరుతో యూపీఐలో డబ్బులు కట్టి మంచి తుపాకులు, మంచి బండ్లు తెచ్చుకున్నాం. డబ్బు కట్టలేని గ్యాంగులు మా ముందు నిలవలేకపోయాయి. అది గెలుపని అనుకున్నాం.

తప్పు అడ్మిన్లది కాదు, మాదేనని ముందే ఒప్పుకున్నాను, కానీ వాళ్ల స్థానం గురించి ఒక మాట. మా సర్వర్‌లో అడ్మిన్లు సగం మంది ఏదో ఒక గ్యాంగు మనుషులే. ఎందుకంటే మేమే పట్టుబట్టి మా వాళ్లను అక్కడ కూర్చోబెట్టాం. ఫిర్యాదు వస్తే విచారించేవాడు నిందితుడి పక్క కుర్చీవాడు. ఈ సమస్య మాతో మొదలవలేదు. 1990లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ ‘లాంబ్డామూ’ అనే ప్రపంచాన్ని తయారుచేశాడు. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. 1992 చివర్లో అక్కడి నిర్వాహకులు, ఇకమీదట సాంకేతిక పనులే చూస్తాం, మనుషుల తగాదాలు మీరే తీర్చుకోండి అని తప్పుకున్నారు. 1993లో ఒక ఆటగాడు ఇతరుల పాత్రలను తన చేతిలోకి తీసుకుని వాటిమీద లైంగిక హింస జరిగినట్టు అందరి ముందూ రాసుకుంటూ పోయాడు. ఆ బాధ తెరమీది అక్షరాల దగ్గర ఆగలేదు, వాటి వెనకున్న మనుషులకు తగిలింది. ఊరంతా సమావేశమైంది, తేల్చలేకపోయింది. చివరికి ఒక నిర్వాహకుడు తనంతట తానే అతని పాత్రను తీసేశాడు. ఆ తర్వాతే అక్కడ వినతులు, ఓటింగు వచ్చాయి. 1996లో, ఇది నడవడం లేదని నిర్వాహకులు అధికారాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఆటగాళ్లే నడుపుకునే ఊరు ఎంత కష్టమో ముప్పై ఏళ్ల కిందటే తేలింది. మేం ఆ చరిత్ర చదవలేదు, అడగలేదు. అన్నీ మాకే తెలుసనుకున్నాం.

అదే 1996లో రిచర్డ్ బార్టిల్ ఒక వ్యాసం రాశాడు. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మొట్టమొదటి మడ్‌ను, అంటే పలువురు కలిసి అక్షరాలతోనే ఆడే ఆటను, పెంచి పెద్ద చేసినవాడు ఆయన. ఇలాంటి లోకాల్లోకి వచ్చేవాళ్లను సాధించేవాళ్లు, శోధించేవాళ్లు, కలిసి కబుర్లాడుకునేవాళ్లు, ఇతరులను వేటాడేవాళ్లు అని నాలుగు రకాలుగా చెప్పాడు. వేటాడేవాళ్లు పెరిగితే కబుర్లాడేవాళ్లు వెళ్లిపోతారని ఆయన అప్పుడే హెచ్చరించాడు. మా ఊళ్లో అక్షరాలా అదే జరిగింది. మొదట బిర్యానీ కొట్టు మూతపడింది. రోజూ దోచుకుంటుంటే ఎవరు నడుపుతారు? తర్వాత డాక్టర్లు మానేశారు. మేం మూకుమ్మడిగా చచ్చి ఆసుపత్రికి వచ్చి, ‘త్వరగా లేపు, ఫైట్‌కు టైమ్ అవుతోంది’ అని అరిచేవాళ్లం. రోగిలా ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. జడ్జి పాత్ర వేసినాయన చెప్పకుండా రావడం మానేశారు. పోలీసులు చివరిదాకా నిలబడ్డారు, వాళ్లకు నా నమస్కారం. ఆఖరికి తుపాకులున్న గ్యాంగులు మాత్రమే మిగిలి ఒకరినొకరు కాల్చుకున్నాయి. చూడటానికి సామాన్యుడు లేని ఊళ్లో పెత్తనం ఎవరి మీద? కొన్నాళ్లకు సర్వర్ యజమాని నెల అద్దె కట్టడం మానేశాడు.

‘ఆటే కదా, ఇంత బాధెందుకు’ అని నా స్నేహితులు అంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. రాత్రి పన్నెండు దాటాక ఆ మైకుల దగ్గర కూర్చున్నవాళ్లలో చాలామందికి పగలు మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. గల్ఫ్‌లో షిఫ్టు ముగించుకుని గదికి చేరినవాళ్లున్నారు. సబ్జెక్టులు తప్పి ఇంట్లో తలెత్తుకోలేని ఇంజనీరింగ్ పిల్లలున్నారు. టాక్సీ ముసలాయన పాత్ర వేసిన మనిషి నిజజీవితంలో నత్తితో ఇబ్బందిపడేవాడు. ముసలివాడి గొంతులో మాత్రం అతనికి నత్తి వచ్చేది కాదు. మేం అతని టాక్సీని సరదాకి పేల్చేశాం, క్లిప్ చేసుకుని నవ్వుకున్నాం. అతను మాట్లాడగలిగిన ఒక్క చోటును మేం లాక్కున్నాం. దీన్ని ఆట అని కొట్టిపారేయడానికి నాకు మనసు ఒప్పదు.

జీటీఏ కొత్త ఆట రాబోతోంది. తెలుగులో కొత్త సర్వర్లు వస్తాయి, కొత్త గ్యాంగులు వస్తాయి, వాటికి నాయకులుగా మీలో కొందరు కూర్చుంటారు. మీకు చేతులు జోడించి అడుగుతున్నాను. గ్యాంగు దరఖాస్తులో ‘మీ పాత్ర ఎలా ఓడిపోతుంది’ అని ఒక ప్రశ్న పెట్టండి, జవాబు రాయనివాణ్ని తీసుకోకండి. మీ గ్యాంగు మనిషిని అడ్మిన్ చేయకండి, చేస్తే అతన్ని గ్యాంగులోంచి తీసేయండి. ఇంటిపేరు అడగకండి. ఎవరైనా పాత్ర వదిలి సొంత గొంతుతో ‘ఆపు’ అంటే ఆ క్షణమే ఆపండి. ఇప్పటికే గ్యాంగు నడుపుతున్నవాళ్లు, మీ మైకులో గొంతు మారని పిల్లవాడెవడైనా ‘అన్నా’ అని పిలుస్తుంటే, వాణ్ని ఈ రాత్రే ఇంటికి పంపండి.